ఇస్రో నడిచిన మూడు ఇంధన దారులు

తిరువనంతపురం పక్కనే ఉన్న తుంబా అనే మత్స్యకార గ్రామానికి చాలా దగ్గరగా భూ అయస్కాంత మధ్యరేఖ వెళుతుంది. ఆ రేఖ పొడవునా, నేలకు సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, పగటిపూట బలమైన విద్యుత్ప్రవాహం ఒక సన్నని పట్టీలా సాగుతుంటుంది. దాన్ని ఈక్వటోరియల్ ఎలక్ట్రోజెట్ అంటారు. బెలూన్లు 40 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతాయి. ఉపగ్రహాలేమో గాలి నిరోధం వల్ల 200 కిలోమీటర్ల కంటే కింద ఎక్కువ కాలం నిలవలేవు. నడుమ ఉన్న ఆ పొరలోకి పరికరాలను పంపాలంటే పైకి వెళ్లి తిరిగి పడిపోయే సౌండింగ్ రాకెట్లే శరణ్యం. ఆ పేరులోని సౌండింగ్‌కు శబ్దంతో సంబంధం లేదు. సముద్రపు లోతు కొలవడాన్ని నావికులు అలా పిలిచేవారు.

1962లో అణుశక్తి శాఖ కింద ఇన్‌కోస్పార్ అనే జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం ఏర్పడినప్పుడు, దానికి అధ్యక్షుడైన విక్రమ్ సారాభాయ్ స్వయంగా విశ్వకిరణాల పరిశోధకుడు. రాకెట్ కేంద్రానికి తుంబాను ఎంచుకోవడంలో ఆ రేఖదే ప్రధాన పాత్ర. గ్రామంలోని సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి తొలి కార్యాలయమైంది. 1963 నవంబర్ 21 సాయంత్రం అక్కడి నుంచి లేచిన మొదటి రాకెట్టు నైకీ అపాచీ అమెరికాది, అందులోని సోడియం ఆవిరి పేలోడ్ ఫ్రాన్స్‌ది. నేల మీద చీకటి పడ్డాక కూడా అంత ఎత్తున ఎండ ఉంటుంది కనుక, పైన విడుదలైన సోడియం పరమాణువులు ఆ వెలుగును పీల్చుకుని నారింజ పసుపు రంగులో మెరుస్తాయి. ఆ మేఘం ఎటు, ఎంత వేగంగా జరుగుతున్నదో వేర్వేరు చోట్ల నుంచి ఫొటోలు తీస్తే ఎగువ వాతావరణంలోని గాలుల లెక్క తేలుతుంది.

1969 ఆగస్టు 15న ఏర్పడిన ఇస్రో చరిత్రను ఉపగ్రహాల జాబితాగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం ఇంధనాల చరిత్రగా చదివినప్పుడే అది బాగా బోధపడింది. ఘన, ద్రవ, క్రయోజెనిక్ (అతిశీతల ద్రవ) అనే మూడు రకాల చోదకాలూ ఆ సంస్థకు మూడు వేర్వేరు దారుల్లో చేతికొచ్చాయి.

మొదటిది సొంత శ్రమతో మెల్లగా ఎదిగిన దారి. 1967 నవంబర్ 20న తుంబా నుంచి ఎగిరిన తొలి స్వదేశీ రాకెట్టు ఆర్‌హెచ్-75 వ్యాసం 75 మిల్లీమీటర్లు. అంత సన్నని గొట్టంతో మొదలై ఉపగ్రహాన్ని మోసే వాహనం దాకా రావాలంటే కొత్త స్థలం కూడా కావలసి వచ్చింది. ఉపగ్రహాన్ని తూర్పు దిక్కుగా వదిలితే భూభ్రమణ వేగం కలిసివస్తుంది. పశ్చిమ తీరంలోని తుంబా నుంచి అలా వదిలితే రాకెట్టు జనావాసాల మీదుగా పోవాలి. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవికి తూర్పున అంతా సముద్రమే. అక్కడ నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతూ ఉంటుంది. కక్ష్యలో నిలవడానికి సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు కావాలి కాబట్టి, ఇంధనం చుక్క కాలకముందే అందులో ఆరు శాతం దాకా చేతిలో ఉన్నట్టు లెక్క.

1971 డిసెంబర్‌లో సారాభాయ్ హఠాత్తుగా మరణించారు. మరుసటి ఏడాదే అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ ఏర్పడ్డాయి, సతీశ్ ధావన్ పగ్గాలు చేపట్టారు. కమిషన్ అధ్యక్షుడు, శాఖ కార్యదర్శి, ఇస్రో అధిపతి మూడూ ఒక్కరే కావడం, ఆ శాఖ నేరుగా ప్రధాని కింద ఉండడం వల్ల ఫైళ్లు తిరిగే దూరం బాగా తగ్గింది. ఇస్రో ఎదుగుదలలో ఈ పాలనా ఏర్పాటుకు దక్కవలసినంత గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం.

ఉపగ్రహాన్ని మోయడానికి కట్టిన తొలి స్వదేశీ రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. నాలుగు దశలూ (ఒకటి కాలి విడిపోయాక మరొకటి అందుకునే భాగాలు) ఘన ఇంధనంవే. ప్రాజెక్టు డైరెక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం. 1979 ఆగస్టు 10న అది లేచిన 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడిపోయింది. మోటార్లలో లోపమేమీ కనిపించలేదు. రెండో దశ దిశను సరిదిద్దే నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు మూసుకోకపోవడంతో, ఆక్సీకరణిగా నింపిన నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. దశ మండింది గాని, దాన్ని అదుపులో పెట్టేది లేక వాహనం దారి తప్పింది. ఏడాది తిరగకుండానే, 1980 జూలై 18న, అదే నమూనా 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఈలోగా ఉపగ్రహాలు రాకెట్ల కంటే ముందు నడిచాయి. 360 కిలోల ఆర్యభట్టను 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు మోసుకెళ్లగా, కొద్ది రోజులకే విద్యుత్ సరఫరా దెబ్బతిని అందులోని ప్రయోగాలు నిలిచిపోయాయి. 1981లో ఫ్రెంచి గయానా నుంచి యూరప్ రాకెట్టు ఏరియన్ మీద వెళ్లిన యాపిల్ ఉపగ్రహం ఎడ్లబండి మీద ఉన్న ఫొటోను చాలామంది పేదరికానికి గుర్తుగా చూపిస్తారు. అసలు సంగతి వేరు. యాంటెన్నాను పరీక్షించేటప్పుడు చుట్టూ లోహం ఉంటే రేడియో తరంగాలు దానికి తగిలి చెదిరి కొలతలు తప్పుతాయి. లారీ అంటే ఇనుము, ఎడ్లబండి అంటే కొయ్య.

రెండో దారి శ్రమకు బదులుగా దొరికినది. ఘన ఇంధన మోటారును ఒకసారి అంటిస్తే ఆర్పడం కుదరదు, అదే బరువు ఇంధనం నుంచి దక్కే వేగమూ తక్కువే. ద్రవ ఇంజను కోసం 1974లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భారతీయ ఇంజనీర్లు అక్కడికి వెళ్లి ఏరియన్ పనుల్లో చెమటోడ్చారు. అందుకు ప్రతిఫలంగా ఏరియన్‌లోని వైకింగ్ ఇంజను పరిజ్ఞానం లభించింది. దాని నుంచి వచ్చిందే వికాస్ ఇంజను. ఒక ఘన దశ, ఒక ద్రవ దశ మార్చి మార్చి పేర్చిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్టులో రెండో దశకు అదే ఆధారం. 1993 సెప్టెంబర్ 20న విఫలమైన ఆ రాకెట్టు 1994 అక్టోబర్ 15న విజయవంతమై, ఆ తర్వాత సంస్థకు నమ్మిన బంటు అయింది.

మూడోది తలుపు మూసుకుపోయాక తవ్వుకున్న దారి. ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఆ పరిజ్ఞానం కోసం 1991లో సోవియట్ అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం కుదిరితే, క్షిపణులకు పనికొస్తుందంటూ అమెరికా మరుసటి ఏడాది ఆంక్షలు విధించింది. ప్రయోగానికి కొద్ది గంటల ముందు నింపాల్సిన ఇంధనంతో సిద్ధంగా నిలబెట్టే క్షిపణి ఎలా పనిచేస్తుందో ఆ వాదన చేసినవారే చెప్పాలి. రష్యా చివరికి తయారైన దశలను మాత్రం ఇచ్చి, తయారీ రహస్యాన్ని ఇవ్వకుండా ఆపేసింది. 2010 ఏప్రిల్ 15న జీఎస్‌ఎల్‌వీ రాకెట్టులో స్వదేశీ క్రయోజెనిక్ దశ రాజుకుంది గాని, హైడ్రోజన్‌ను తోడే బూస్టర్ టర్బోపంపు ఆగిపోవడంతో తోపు నిలవలేదు. అంత చలిలో లోహాలన్నీ ఒకేలా కుంచించుకుపోవు. నిమిషానికి వేల చుట్లు తిరిగే పంపులో వెంట్రుకవాసి సందు తగ్గినా భాగాలు పట్టేసే ప్రమాదం ఉంది. 2013 ఆగస్టులో మళ్లీ ప్రయత్నించినప్పుడు కౌంట్‌డౌన్ మధ్యలో రెండో దశలో ఇంధనం కారడం గమనించి ఆపేశారు. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ ఎట్టకేలకు స్వదేశీ ఇంజనుతో ఉపగ్రహాన్ని చేర్చింది.

2023 జూలై 14న శ్రీహరికోటలో నిలబడిన ఎల్‌వీఎం-3 రాకెట్టులో ఈ మూడు దారులూ కలిశాయి. ముందుగా పక్కనున్న రెండు ఎస్-200 మోటార్లు అంటుకున్నాయి; ఒక్కోదాని వ్యాసం 3.2 మీటర్లు, ఒక్కోదానిలో దాదాపు 200 టన్నుల ఘన ఇంధనం. అవి ఇంకా మండుతుండగానే, గాలిలో, నడిమి దశలోని రెండు వికాస్ ఇంజన్లు రాజుకున్నాయి. ఆ దశ విడిపోయాక సీఈ-20 అనే క్రయోజెనిక్ ఇంజను మిగిలిన పని అందుకుంది. నేల విడిచిన సుమారు 16 నిమిషాలకు చంద్రయాన్-3 భూకక్ష్యలో విడిపోయింది.