సింకులో పోసిన పాదరసం: మండలి ప్రయోగశాల వ్యర్థాలపై అపోహలు - వాస్తవాలు

కాలుష్య నియంత్రణ మండలి ప్రయోగశాలలో అనలిస్టుగా పనిచేస్తున్న నన్ను పరిశ్రమల కెమిస్టులు, శిక్షణకు వచ్చే విద్యార్థులు, చివరికి బంధువులు కూడా రకరకాల మాటల్లో అడిగే ప్రశ్న ఒక్కటే: అందరి కాలుష్యాన్నీ కొలిచే మీరు మీ కాలుష్యాన్ని ఏం చేస్తారు? ప్రశ్న న్యాయమైనదే. మండలి వాళ్లు చీకటి పడ్డాక అన్నీ పక్క నాలాలో పారబోస్తారంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు గానీ, నిజంగానే ఆందోళనతో అడిగేవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: పరీక్ష అయ్యాక మిగిలేది కొద్దిపాటి ద్రావణమే కాబట్టి, నల్లా తిప్పి ధారాళంగా నీళ్లు కలిపి సింకులో వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. మండలి ప్రయోగశాల అయినా, పరిశ్రమలోని ఈటీపీ (వ్యర్థ జల శుద్ధి కేంద్రం) ల్యాబ్ అయినా, డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ అయినా ఇందులో తేడా లేదు. మా దగ్గర రోజూ జరిగే సీఓడీ పరీక్షనే తీసుకుందాం; నీటిలోని కాలుష్యాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే పరీక్ష ఇది. కాలుష్యాన్ని ఆక్సీకరించేందుకు వాడే డైక్రోమేట్‌ను నమూనాలోని క్లోరైడు ఖర్చు చేసి ఫలితాన్ని పెంచేయకుండా ఉండేందుకు పాదరసపు లవణమైన మెర్క్యురిక్ సల్ఫేట్ వేస్తాం. ఉత్ప్రేరకంగా సిల్వర్ సల్ఫేట్, వాటికి తోడు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండనే ఉంటాయి. వ్యర్థ జలంలో కాలుష్యం ఎంతో తేల్చే పరీక్షలో, చాలా సందర్భాల్లో ఆ వ్యర్థ జలం కంటే విషపూరితమైన ద్రావణం మన చేతుల్లోనే తయారవుతుందన్నమాట.

నమూనాను ఫ్లాస్కులో మరిగించే ఓపెన్ రిఫ్లక్స్ పద్ధతిలో 20 మిల్లీలీటర్ల నమూనాకు 0.4 గ్రాముల మెర్క్యురిక్ సల్ఫేట్ వేశామనుకుందాం. అందులో పాదరసం సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. పర్యావరణ (పరిరక్షణ) నియమాలు, 1986లోని సాధారణ ప్రమాణాల ప్రకారం, వ్యర్థ జలాన్ని నదిలోకి వదిలినా మురుగు కాల్వలోకి వదిలినా అందులో పాదరసం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదు. ఆ లెక్కన ఒక్క ఫ్లాస్కులోని ద్రావణాన్ని పల్చన చేసి ఆ హద్దులోకి తేవాలంటే దాదాపు 27,000 లీటర్ల నీళ్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు తెప్పించినా చాలవు. నమూనా లేకుండా నడిపే బ్లాంక్ ఫ్లాస్కుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అన్ని నీళ్లు పోసినా గ్రాముల లెక్కలో పాదరసం రవ్వంతైనా తగ్గదు, అదే పాదరసం ఎక్కువ నీళ్లలో పరుచుకుంటుంది, అంతే.

సున్నం కలిపి పీహెచ్ 7కు తెచ్చాకే వదులుతున్నామని కొందరు ధీమాగా చెబుతారు. పీహెచ్ 7 చూపించిందంటే ఆమ్లం పోయిందని అర్థమే తప్ప పాదరసం పోయిందని కాదు. క్లోరైడుతో కలిసిన పాదరసం నీటిలో కరిగే ఉంటుంది. అసలు ఆ పరీక్షలో మనం పాదరసాన్ని వాడేది క్లోరైడును అలా పట్టుకునే గుణం కోసమే. మురుగు శుద్ధి కేంద్రానికి చేరినా అక్కడి సూక్ష్మజీవులు లోహాన్ని నాశనం చేయలేవు కాబట్టి కొంత బురదలో చేరుతుంది, మిగిలింది నీటితో ముందుకు సాగుతుంది. చెరువు అడుగు మట్టిలో బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మార్చితే, అది చేపల్లో పేరుకుని తిరిగి మన కంచానికే వస్తుంది.

ఒక పరిశ్రమ ఈటీపీ చూసుకునే యువ కెమిస్టు ఒకసారి కంగారుగా ఫోన్ చేసింది. ఈటీపీ బురదలో పాదరసం కనబడిందని, తమ ఉత్పత్తిలో ఏ దశలోనూ పాదరసం లేదని, యాజమాన్యం తననే అనుమానిస్తోందని చెప్పుకుంది. ముడిసరుకు సరఫరాదారులందరినీ అడిగారట, బోరు నీళ్లు కూడా పరీక్ష చేయించారట. "మీ ల్యాబ్ సింకు పైపు ఎక్కడికి పోతుందమ్మా?" అని అడిగాను. కాసేపు మాట లేదు. తర్వాత "ఈటీపీ కలెక్షన్ ట్యాంకుకే సార్" అంది. రోజూ నాలుగైదు సీఓడీ ఫ్లాస్కులు ఆ సింకులోనే ఖాళీ అవుతున్నాయి. ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. చేరిన రోజున సీనియర్లు ఎలా చూపించారో అలాగే చేసింది, అలా చేయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మా ప్రయోగశాలలో పని మొదలయ్యేది వ్యర్థాన్ని పుట్టనివ్వకుండా చూడటంతో. సీఓడీ కంటే ముందు క్లోరైడు చూస్తాం. మెర్క్యురిక్ సల్ఫేట్ బరువు క్లోరైడు బరువుకు పది రెట్లుంటే చాలు. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడున్న చెరువు నీటికి, 20 మిల్లీలీటర్ల నమూనాకు 40 మిల్లీగ్రాములు సరిపోతుంది, అలవాటు కొద్దీ 0.4 గ్రాములు తూచి వేయనక్కర్లేదు. వీలైన నమూనాలను చిన్న గొట్టాల్లో చేసే క్లోజ్డ్ రిఫ్లక్స్‌కు మార్చితే పాదరసం వాడకం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అప్పటికీ మిగిలిన ద్రావణాన్ని, ఫ్లాస్కు కడిగిన మొదటి నీళ్లతో సహా, మందపాటి ప్లాస్టిక్ క్యాన్లలో పోసి, కింద ట్రే పెట్టి, లేబుల్ అంటించి, రిజిస్టరులో రాసి ఉంచుతాం. ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2016 ప్రకారం మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఆ లోపే, సరుకు వివరాలు రాసిన మేనిఫెస్టు పత్రంతో టీఎస్‌డీఎఫ్‌కు, అంటే ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రానికి, పంపాలి; తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గరి పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. అన్ని వ్యర్థాలనూ ఒకే క్యాన్‌లో పోయడం సింకులో పోయడం కంటే తక్కువ తప్పేమీ కాదు. కరిగిన ఆక్సిజన్ పరీక్షలో వాడే సోడియం అజైడ్ ఆమ్లంతో కలిస్తే విషవాయువు పుడుతుంది, రాగి, సీసం పైపుల్లో నిలిస్తే పేలే లవణాలు ఏర్పడతాయి. పాదరసాన్ని అవక్షేపించేందుకు, అంటే కరగని మడ్డిగా దించేందుకు, సోడియం సల్ఫైడు వేయాలని ఎక్కడో చదివి, ఆమ్లంగా ఉన్న క్యాన్‌లోనే వేసేవారూ ఉన్నారు; అప్పుడు వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు మనిషిని కూలదోయగలదు. తెలియనప్పుడు శుద్ధి జోలికి పోకుండా విడిగా సేకరించి పంపడమే క్షేమం.

అపోహ: ప్రభుత్వ సంస్థకు నిబంధనలు వర్తించవు. 1974 నాటి నీటి చట్టం 24వ సెక్షన్ ఏ వ్యక్తీ తెలిసి తెలిసి విషపదార్థాలను వాగులోకి గానీ బావిలోకి గానీ మురుగు కాల్వలోకి గానీ నేలమీదికి గానీ వదలరాదంటుంది. అందులో మండలికి మినహాయింపు రాసి లేదు.

అపోహ: గోడమీద ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) సర్టిఫికెట్ ఉంటే వ్యర్థాల విషయం కూడా సక్రమమే. ఆ గుర్తింపు ఫలితాలు నమ్మదగినవని చెబుతుంది. పర్యావరణ నిర్వహణకు ఐఎస్ఓ 14001 అనే ప్రమాణం వేరే ఉంది, అది కూడా ఉద్గారాలకు హద్దులు పెట్టదు, హద్దులు పెట్టేది చట్టమే.

అపోహ: మండలి సమావేశాల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పెట్టడం నిషేధాన్ని ఉల్లంఘించడమే. 2022 జూలై 1 నుంచి నిషేధించిన వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు ఉన్నాయి, నీళ్ల సీసాలు లేవు. పెట్టకపోతేనే మంచిదన్నది నా అభిప్రాయం.

ఏళ్ల తరబడి సింకులో పోసిన ల్యాబులవారు ఇప్పుడేం చేయాలని అడుగుతున్నారు. ముందు పోయడం ఆపండి. సింకు కింద వంపు తిరిగిన ట్రాప్‌లో బరువైన మడ్డి పేరుకుని ఉండవచ్చు. ప్లంబరును పిలిచి విప్పించేటప్పుడు అందులో ఏముందో అతనికి ముందే చెప్పండి, చేతి తొడుగులివ్వండి, కారిన నీళ్లనూ మడ్డినీ పాత ట్రాప్‌నూ బకెట్‌లో పట్టి ప్రమాదకర వ్యర్థం కిందే లెక్క రాయండి. ఆ ట్రాప్‌ను కడిగి మళ్లీ బిగించవద్దు.