చెవిలో గులిమి తీయించుకోవడం: అపోహలు - వాస్తవాలు

ఆదివారం తలంటు పోసుకున్న చెవి సోమవారం ఉదయానికి దిబ్బడ వేస్తుంది. ఈఎన్‌టీ ఓపీలో వారం మొదట్లో ఎక్కువగా వినిపించే కంప్లయింట్ ఇది. గులిమి అప్పటికే చాలా రోజులుగా ఉంటుంది, నీళ్ళు తగలగానే ఉబ్బి మిగిలిన సందు మూసేస్తుంది. తీసేస్తే అప్పటికప్పుడు వినపడుతుంది. ఇంత తేలికైన విషయం చుట్టూ ఉన్న అపోహల వల్ల మాత్రం చెవులు నిజంగానే పాడవుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గులిమి మురికి. ఎప్పటికప్పుడు తీసేయాలి.

గులిమి చెవి తనకోసం తయారు చేసుకునే రక్షణ. పెద్దవాళ్ళలో చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. గులిమిని తయారు చేసే గ్రంథులు బయటి మూడో వంతులోనే ఉంటాయి. దుమ్మూ ధూళీ ఆ జిగురుకు అంటుకుంటాయి. దానికి కాస్త ఆమ్ల గుణం ఉండటంతో సూక్ష్మజీవులు పెరగడం కష్టం. నాళం లోపలి చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. మనం నమిలినప్పుడూ మాట్లాడినప్పుడూ దవడ కదిలి పాత గులిమి ఊడి బయటికి వచ్చేస్తుంది.

మరి కర్ణభేరిని ఆనుకుని గట్టిగా దట్టించినట్టున్న గులిమి ఎక్కడిది? అక్కడ దాన్ని తయారు చేసే గ్రంథే లేదు. చాలాసార్లు ఇయర్ బడ్ దాన్ని అక్కడిదాకా నెట్టి ఉంటుంది. ఇబ్బంది లేని చెవిలో, లోపల కర్ణభేరిని చూడాల్సిన అవసరం కూడా లేనప్పుడు, కాస్త గులిమి ఉన్నా మేం దాని జోలికి వెళ్ళం.

వినికిడి మెషీన్ వాడేవాళ్ళు, పుట్టుకతోనే నాళం సన్నగా ఉన్నవాళ్ళు, వయసు మీద పడి గులిమి పొడిబారినవాళ్ళు, రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ళు మాత్రం అప్పుడప్పుడు చూపించుకోవాలి.

అపోహ: దురద పెడుతోందంటే గులిమి పేరుకున్నట్టే.

దురదకు తరచూ కారణం దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. బడ్‌తో రోజూ తుడిచేయడం వల్ల చర్మం మీది నూనె పొర పోయి అది ఎండిపోతుంది, దురద పెడుతుంది. మళ్ళీ బడ్ పెడతారు. పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం వాడేవాళ్ళూ ఉన్నారు. ఎముకను అంటిపెట్టుకున్న ఆ చర్మం చాలా పల్చన, చిన్న గీత చాలు ఇన్ఫెక్షన్‌కి.

అపోహ: నూనె కాచి పోస్తే అదే కరిగిపోతుంది.

కాచిన నూనె చర్మాన్ని కాలుస్తుంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే మధ్య చెవిలోకి దిగుతుంది. ఇక మన కోస్తాలో ఉక్కపోతకు చెవిలో ఫంగస్ మామూలే. మైక్రోస్కోపులో అది తడిసిన న్యూస్‌పేపర్ ముక్కలా, మధ్యలో నల్లటి చుక్కలతో కనిపిస్తుంది. దాన్ని గులిమి అనుకుని వారాల తరబడి నూనె పోసుకుని వచ్చేవాళ్ళు ఉంటారు. కర్ణభేరి బాగుందని తెలిసినవాళ్ళు కాచకుండా, గది వేడిలో ఉన్న నూనె రెండు చుక్కలు వేసుకుంటే గట్టి గులిమి మెత్తబడటానికి పనికొస్తుంది, అంతవరకే. వెల్లుల్లి రెబ్బ మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఇయర్ క్యాండిల్ గురించి ఒక్క మాట. వెలిగించాక అడుగున మిగిలే పసుపు ముద్ద ఆ కొవ్వొత్తి మైనమే, మీ గులిమి కాదు.

అపోహ: డాక్టరు తీస్తే బాగా నొప్పి, కర్ణభేరి చిల్లు పడుతుంది.

ఈ భయంతోనే నెలల తరబడి వాయిదా వేస్తారు. అసలు ఏం జరుగుతుందో చెబుతాను.

గులిమి గట్టిగా ఉంటే ముందు మూడు నుంచి ఐదు రోజులు చుక్కల మందు ఇస్తాం. అది పడ్డాక గులిమి ఉబ్బి చెవి ఇంకా మూసుకుపోయినట్టు ఉంటుంది. టెన్షన్ పడి చాలామంది మందు మానేస్తారు. మానకండి. నొప్పి గానీ మంట గానీ ఉంటే మాత్రం ఆపి ఫోన్ చేయండి.

నీళ్ళతో కడిగే పద్ధతిలో నీటి వేడి 37 డిగ్రీలు, అంటే ఒంటి వేడికి సమానంగా ఉండాలి. బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి పక్కనే ఉంటుంది. నీళ్ళు చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా దానిలోని ద్రవం కదిలి తల గిర్రున తిరుగుతుంది. చెవి డొప్పను పైకి, వెనక్కి లాగి నాళాన్ని తిన్నగా చేసి, ధారను పైగోడ మీదికి వదులుతాం, కర్ణభేరి మీదికి కాదు. నీళ్ళు గులిమి వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తాయి.

సక్షన్‌లో మైక్రోస్కోపు కింద చూస్తూ సన్నని గొట్టంతో పీలుస్తాం. చెవిలోనే జరిగే పని కాబట్టి హోరు పెద్దగా వినిపిస్తుంది. కొందరికి ఉన్నట్టుండి దగ్గు వస్తుంది. చెవి నాళం చర్మానికి వచ్చే నరాల్లో వేగస్ నరం కొమ్మ ఒకటి, గొంతుకూ అదే నరం వెళ్తుంది. తల కదపకుండా చెయ్యి ఎత్తితే చాలు, ఆపుతాం. నొప్పి భరించి కూర్చోవాల్సిన పని లేదు. గులిమి రాకపోతే ఇంకో నాలుగు రోజులు చుక్కలు వేసి మళ్ళీ రమ్మంటాం. ఒకేరోజులో అయిపోవాలని పట్టుబట్టకండి.

అపోహ: ఎవరి చెవినైనా నీళ్ళు కొట్టి కడగొచ్చు.

కర్ణభేరికి రంధ్రం, చెవి కారడం, ఇదివరకు చెవి ఆపరేషన్, ఒక్క చెవే వినపడటం: ఇవి ఉంటే నీళ్ళు కొట్టకూడదు. షుగర్ ఉన్నవాళ్ళ సంగతి మరీ గట్టిగా చెబుతాను. తడి నిలిచిన నాళంలో చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకే ప్రమాదం వాళ్ళకి ఎక్కువ. రాత్రుళ్ళు నిద్ర పట్టనంత చెవిపోటు దాని లక్షణం. కాబట్టి షుగర్ ఉందని ముందే చెప్పండి. సంతల్లో, బస్టాండ్ల దగ్గర చెవులు తీసేవాళ్ళు ఇవేవీ అడగరు, ఒకే పుల్ల అందరి చెవుల్లోకీ వెళ్తుంది.

అపోహ: చెవి దిబ్బడ వేసిందంటే గులిమే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో వినపడటం మానేస్తే అది వినికిడి నరానికి సంబంధించిన ఎమర్జెన్సీ కావచ్చు. రోగికి తెలిసేది మాత్రం దిబ్బడ, హోరు అంతే. మెడికల్ షాపులో చుక్కలు కొని వేసుకుంటూ కూర్చుంటారు. స్టెరాయిడ్ మందులు పనిచేసే అవకాశం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువ, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. మూడో వారంలో వచ్చినవాళ్ళకి అప్పటికే చాలా పోయి ఉంటుంది.

తేడా కనుక్కోవడం మాకు కష్టం కాదు. చెవిలోకి చూసి, 512 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి నుదుటి మధ్య పెడతాం. గులిమి అడ్డమైతే శబ్దం మూసుకుపోయిన చెవిలోనే ఎక్కువ వినిపిస్తుంది. నరం దెబ్బతింటే బాగున్న చెవి వైపు వినిపిస్తుంది. ఆ తర్వాత వినికిడి పరీక్షతో ఖాయం చేసుకుంటాం. అందుకే ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే "గులిమి తీయించుకోవాలి" అనకుండా, "ఫలానా రోజు నుంచి ఈ చెవి ఉన్నట్టుండి వినపడటం లేదు" అని చెప్పండి.