బస్సు, బ్యాడ్జీ, బొంత: అమెరికా ఉద్యమాల వస్తువుల మీద నేను వినే అపోహలు – వాస్తవాలు

నేను పనిచేసేది అమెరికాలో ఒక చిన్న చరిత్ర మ్యూజియంలో. వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు వేయాలి, రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆమ్లం లేని కాగితం చుట్టి డబ్బాలో పెట్టాలి, ఎవరైనా అడిగితే బయటికి తీయాలి. ఇదీ నా ఉద్యోగం. లాంగ్ వీకెండ్ వస్తే మనవాళ్ల కుటుంబాలు కూడా వస్తుంటాయి. ఇండియా నుంచి దిగిన అమ్మానాన్నల్ని ఎక్కడో ఒకచోటికి తిప్పాలి కదా. తెలుగు మాట వినపడగానే లోపలి గదిలోంచి బయటికొచ్చేస్తాను. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఒరిజినలేనాండీ?" రెండోది "అమ్మితే ఎంతొస్తుంది?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మేమూ లోపల అవే అడుగుతాం, కాకపోతే రెండోది ఇన్సూరెన్స్ వాళ్ల కోసం. అసలు చిక్కు వేరే ఉంది. బానిసత్వం, ఆడవాళ్ల ఓటు, మద్య నిషేధం, పౌరహక్కులు అనగానే స్కూల్లోనో ఫోన్లోనో విన్న కథ ఒకటి మనసులో సిద్ధంగా ఉంటుంది. ఎదురుగా వస్తువు ఉన్నా చూసేది ఆ కథనే. అమెరికన్లూ ఇందులో ఏం తక్కువ తినలేదు.

అపోహ: రోసా పార్క్స్ కాళ్లనొప్పులతో ఉన్న ముసలావిడ. తెల్లవాళ్ల సీట్లో కూర్చుని లేవనంది.

1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రం మాంట్‌గమరీలో ఆమెను అరెస్టు చేసేనాటికి ఆమెకు 42 ఏళ్లు. ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కుట్టుపని చేసేది. దాంతోపాటు నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీకి ఆ ఊళ్లో కార్యదర్శి. ఆ ఎండాకాలమే టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్‌లో ఉద్యమ శిక్షణ తీసుకుని వచ్చింది. ఇక సీటు సంగతి. బస్సులో ముందు వరసలు తెల్లవాళ్లవి, వెనకవి నల్లవాళ్లవి, మధ్యవి డ్రైవర్ దయ. ఆమె కూర్చుంది ఆ మధ్య భాగంలో మొదటి వరసలో. తెల్లాయన ఒకడు నిలబడి ఉన్నాడని, ఆ వరసలో నలుగురినీ లేవమన్నాడు డ్రైవర్. ముగ్గురు లేచారు. ఆమె లేవలేదు. తొమ్మిది నెలల ముందు అదే ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల పిల్ల కూడా ఇలాగే లేవనని అరెస్టయింది. ఆ పిల్ల పేరు చెబితే చాలామంది "ఎవరూ?" అంటారు.

ఆ బస్సు ఇప్పుడు డెట్రాయిట్ పక్కన డియర్‌బోర్న్‌లో, హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. లోపలికెక్కి సీట్లో కూర్చోవచ్చు కూడా. నాకు దాని పుట్టుపూర్వోత్తరాలంటే మహా ఇష్టం. రిటైరయిన బస్సును ఒకాయన కొనుక్కుని, సీట్లు పీకేసి, కలప, సామాన్లు పడేసుకునే షెడ్డులా వాడుకున్నాడు. దాదాపు 30 ఏళ్లు పొలంలో ఎండకీ వానకీ తుప్పు పట్టింది. 2001లో వేలానికొస్తే మ్యూజియం 4,92,000 డాలర్లు పెట్టి కొంది. తుక్కు బస్సుకి అంత ఎందుకు? అరెస్టు కాగితాల్లో ఎక్కడా బస్సు నంబరు రాయలేదు. కానీ ఆ రోజుల్లో బస్ స్టేషన్ మేనేజర్ ఒకాయన పేపర్ కటింగులు అంటించుకునే పుస్తకం పెట్టుకున్నాడు. అరెస్టు వార్త పక్కన చేత్తో డ్రైవర్ పేరు, 2857 అనే నంబరు రాసుకున్నాడు. ఆ పుస్తకాన్ని చేతిరాత నిపుణులకిచ్చి పరీక్ష చేయించాకే మ్యూజియం వేలానికి దిగింది. అంటే లక్షల డాలర్లు నిలబడింది ఇనుము మీద కాదు, ఒకాయన చేత్తో గీకిన నాలుగంకెల మీద.

అన్నట్టు, ఆమె కిటికీలోంచి బయటికి చూస్తుంటే వెనక సీట్లో తెల్లాయన కూర్చుని ఉన్న ఫోటో మీరు చూసే ఉంటారు. అది అరెస్టు రోజుది కాదు. ఆ అరెస్టుకి నిరసనగా నల్లవాళ్లు చేసిన 381 రోజుల బస్సు బహిష్కరణ ముగిశాక, 1956 డిసెంబరు 21న తీసింది. వెనకాయన ఒక విలేకరి.

అపోహ: 1920లో అమెరికా ఆడవాళ్లందరికీ ఓటు వచ్చింది.

దీనికి నేను చూపించే వస్తువు ఒక చిన్న వెండి పిన్ను, ఫోటోలో. జైలు గది తలుపు ఆకారం. నిలువు కమ్మీలు, వాటికి అడ్డంగా సన్నటి గొలుసు, గొలుసుకి హృదయం ఆకారంలో తాళంకప్ప. 1917లో ఓటు కోసం వైట్‌హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని మౌనంగా నిలబడినందుకు జైలుకెళ్లిన ఆడవాళ్లకు ఉద్యమ నాయకురాలు ఆలిస్ పాల్ వీటిని ఇచ్చింది. డిజైన్‌కి మూలం ఇంగ్లండ్‌లో ఓటు ఉద్యమకారిణి సిల్వియా పాంక్‌హర్స్ట్ గీసిన జైలు బ్రోచ్.

ఆ జైలు ఊరికే పోలేదు. 1920 ఆగస్టులో రాజ్యాంగానికి 19వ సవరణ ఆమోదం పొందింది. అయితే ఆ సవరణ చెప్పిందల్లా ఆడవాళ్లన్న కారణంతో ఓటు ఆపకూడదని. వేరే కారణాలతో ఆపడం ఆగలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్లని పన్నులు, చదువు పరీక్షలు అడ్డం పెట్టి 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఆపారు. అరిజోనా, న్యూ మెక్సికోల్లో మూలవాసులకు 1948 దాకా దారి దొరకలేదు. మేబెల్ పింగ్‌హువా లీ అనే చైనా అమ్మాయి 1912లో న్యూయార్క్ ఊరేగింపులో గుర్రమెక్కి ముందు నడిచింది. కానీ చైనా వాళ్లు పౌరులయ్యే వీల్లేదు కాబట్టి ఆ సవరణ ఆమెకి అక్కరకు రాలేదు.

ఇక్కడికొచ్చాక మనవాళ్లు కాస్త దగ్గరికి జరుగుతారు, ఎందుకంటే మన కథా ఇదే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో లూస్–సెల్లర్ చట్టం వచ్చాకే భారతీయులు ఇక్కడ పౌరులయ్యే వీలు కలిగింది, అదీ ఏడాదికి 100 మంది వలస కోటాతో. ఒకసారి ఓ పెద్దాయన అది విని, పక్కనున్న కోడలితో "అమ్మా, నీ సిటిజెన్‌షిప్ కాగితం భద్రంగా పెట్టావా?" అన్నాడు.

దీనికి ఇంకో వైపూ ఉంది. 1920కి ముందు ఎవరూ ఓటెయ్యలేదనీ కాదు. వయోమింగ్‌లో 1869లోనే ఆడవాళ్లకు ఓటుంది. జనెట్ ర్యాంకిన్ 1916లోనే మాంటానా నుంచి కాంగ్రెస్‌కి గెలిచింది. ఇక ఓటు ఉద్యమ నాయకురాలు సుసాన్ ఆంథొనీ 1848లో ఆడవాళ్ల హక్కుల కోసం జరిగిన సెనెకా ఫాల్స్ సభలో ఉందని చాలామంది నమ్ముతారు. ఆమె అక్కడ లేదు. ఆ సభలో 100 మంది సంతకం చేసిన ప్రకటన అసలు ప్రతీ ఇప్పుడు ఎక్కడా లేదు, పోయింది. అచ్చు ప్రతులే మిగిలాయి.

అపోహ: గ్రీన్స్‌బరోలో నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు, హోటళ్లు తెరుచుకున్నాయి.

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆ ఊళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే వడ్డించే భోజనం కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగిన మాట నిజం. కానీ కౌంటర్ వాళ్లకు తెరుచుకుంది జులై 25న. ఈ మధ్యలో రోజుకింత చొప్పున వందలమంది వచ్చి కూర్చున్నారు, దుకాణానికి దాదాపు 2 లక్షల డాలర్ల వ్యాపారం పోయింది. చివరికి అక్కడ మొదట తిన్నది ఎవరనుకున్నారు? ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. రోజూ వండి వడ్డించే చోట వాళ్లు కూర్చుని తినడం అదే మొదలు. ఇలాంటి నిరసనల్లో ఇది మొదటిదీ కాదు. 1958లోనే విచిటాలో, ఓక్లహోమా సిటీలో జరిగాయి. దుకాణం 1993లో మూతపడ్డప్పుడు ఎనిమిది అడుగుల కౌంటరు, నాలుగు స్టూళ్లు కోసి వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌కి తీసుకెళ్లారు. మిగతాది చాలావరకు అదే భవనంలో, 2010లో తెరిచిన మ్యూజియంలో ఉంది.

అపోహ: మద్య నిషేధం రోజుల్లో తాగితే జైలే.

1920 నుంచి 1933 దాకా నేరం తయారీ, అమ్మకం, రవాణా. తాగడం కాదు. ముందే కొని ఇంట్లో దాచుకున్నది తాగొచ్చు. డాక్టర్ చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవారు. ఆ చీటీలు ఇప్పుడు మ్యూజియంల్లో దొరుకుతాయి. బార్లు పగలగొట్టిన క్యారీ నేషన్ మొదట వాడింది గొడ్డలి కాదు, రాళ్లు. తర్వాత గొడ్డలి ఆకారం పిన్నులు అమ్మి జరిమానాలు కట్టుకుంది. నిషేధం రాకముందే, 1911లో పోయింది.

అపోహ: పాత ఎన్నికల బ్యాడ్జీ అంటే బంగారమే.

ఒక బాబాయ్‌గారు ఫ్లీ మార్కెట్లో 60 డాలర్లు పెట్టి కొన్న ప్రెసిడెంట్ మెకిన్లీ బ్యాడ్జీ తెచ్చారు. 1896 ఎన్నికలది. రుమాల్లో చుట్టి తెచ్చారు పాపం. నేను దీపం కిందికి తీసుకెళ్లి భూతద్దం పెట్టాను.

అసలు 1896 బ్యాడ్జీ ఎలా ఉంటుందంటే: రేకు బిళ్ల, దాని మీద అచ్చేసిన కాగితం, కాగితం మీద పల్చటి సెల్యులాయిడ్ పొర. పక్కకి వంచి చూస్తే పొర మెరుపు, కాగితం లోతు తెలుస్తాయి. చాలావాటికి వెనక గుంటలో తయారీదారు పేరున్న కాగితం కూడా ఉంటుంది. బాబాయ్‌గారి దాంట్లో బొమ్మ నేరుగా రేకు మీదే అచ్చయి ఉంది. కాగితం లేదు, పొర లేదు. అంచు వెనక్కి మడతపడే చోట దుమ్ము తుడిస్తే చిన్న అక్షరాలు బయటపడ్డాయి: క్లీనెక్స్, 68. టిష్యూ పేపర్ల ప్రచారానికి 1968లో వేసిన నకలు అది. 1972లో ఒక పెట్రోలు కంపెనీ కూడా ఇలాగే వేసింది. ఆ అంచు అక్షరాల్ని గీకేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఈ గొడవ చూసే 1973లో చట్టం తెచ్చారు: రాజకీయ వస్తువుల నకలు చేస్తే దాని మీద తయారైన సంవత్సరం ఉండాలి.

చెబితే ఆయన ఓ నిమిషం మాట్లాడలేదు. "పోనీలేమ్మా, 1968 కూడా పాతదే కదా" అని మళ్లీ రుమాల్లో చుట్టుకున్నారు.

అసలువే అయినా అన్నీ ఖరీదు కావు, లక్షల్లో వేసినవి కదా. పెన్నుల విషయం కూడా అంతే. పౌరహక్కుల చట్టం మీద సంతకం చేసిన "ఆ పెన్ను" రెండు మ్యూజియంల్లో చూశాను, ఒకటి మోసం కదా అని అడిగిందో అమ్మాయి. రెండూ నిజమే అయి ఉండొచ్చు. 1964 జులై 2న ప్రెసిడెంట్ జాన్సన్ ఆ ఒక్క సంతకానికి 70కి పైగా పెన్నులు వాడి పంచిపెట్టాడు.

అపోహ: తెల్ల గ్లౌజులు వేసుకుంటే వస్తువు సేఫ్. అంత విలువైంది డబ్బాలో ఎందుకు, ఎప్పుడూ బయట పెట్టొచ్చుగా?

నూలు గ్లౌజుతో పాత కాగితం అంచు పట్టుకుంటే స్పర్శ తెలియక చిరుగుతుంది. కాగితానికి కడుక్కుని ఆరబెట్టుకున్న చేతులే మేలు. లోహానికైతే నైట్రైల్ అనే పల్చటి రబ్బరు గ్లౌజులు. సినిమాల్లో మాత్రం అన్నింటికీ తెల్లవే.

వెలుతురు అంతకన్నా పెద్ద శత్రువు. గుడ్డకి మేం ఇచ్చేది 50 లక్స్ (వెలుతురు కొలత), అంటే అరచీకటి గది. అదీ కొన్ని నెలలే. వెలిసిన రంగు మళ్లీ రాదు, ఏ కన్జర్వేటర్ దగ్గరా దానికి మందు లేదు. ఓటు ఉద్యమం నాటి పట్టు శాష్‌లతో, అంటే భుజం మీంచి అడ్డంగా వేసుకునే పట్టీలతో, ఇంకో తంటా. అప్పటి పట్టు చాలావరకు బరువు కోసం తగరం లవణాల్లో ముంచింది. చేతికి నిండుగా, జరజరలాడుతూ భలేగా ఉండేదట. వందేళ్లకి ఆ లవణాలే దారాన్ని తినేశాయి. మడత పెట్టిన చోట నిట్టనిలువునా చీలుతుంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట పసుపు శాష్‌ని కిటికీ పక్కన రెండేళ్లు వేలాడదీశారు. దింపి చూస్తే కిటికీ వైపు గోధుమ రంగు, గోడ వైపు పసుపు. పట్టుకోగానే పొడి రాలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తప్పు నాది కాకపోయినా.

అపోహ: బానిసలు పారిపోయే దారిని క్విల్టుల్లో రహస్య గుర్తులుగా కుట్టేవారు.

క్విల్ట్ మన బొంతకి దగ్గరి చుట్టం. కంచె మీద ఫలానా డిజైన్ బొంత ఆరేస్తే "సామాన్లు సర్దుకో" అనీ, ఇంకోటి ఆరేస్తే "బయల్దేరు" అనీ సంకేతమట. 1999లో వచ్చిన ఒక పుస్తకంతో ఇది స్కూళ్లన్నిటికీ పాకింది. నిజమైతే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కానీ చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఫిలడెల్ఫియాలో బానిసలకు సాయం చేసిన విలియం స్టిల్, పారిపోయి తన దగ్గరికి చేరిన వందలమంది వివరాలు రాసి పెట్టాడు. 1930ల్లో ప్రభుత్వం 2,000 మందికి పైగా మాజీ బానిసల మాటలు రాయించింది. ఈ బొంతల సంకేతం ఎక్కడా లేదు. కథలో చెప్పే డిజైన్లలో కొన్ని ఆ తర్వాతి కాలానివి.

దీనికి నేను హ్యారియట్ పవర్స్ సంగతి చెబుతాను. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన మనిషి. విడుదలయ్యాక బైబిల్ కథలతో 11 గళ్ల బొంత కుట్టి, 1886లో జార్జియాలోనే ఉన్న ఏథెన్స్ ఊరి పత్తి సంతలో పెట్టింది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచర్ అమ్మమంటే ఇవ్వనంది. 1891లో ఇల్లు గడవక తనే తీసుకొచ్చి 10 డాలర్లడిగింది. చివరికి 5 వచ్చాయి. ఇచ్చేముందు గడి గడికీ అర్థం చెప్పింది, టీచర్ రాసుకుంది. ఆ తర్వాత కూడా తన బొంతని చూసుకోవడానికి చాలాసార్లు వచ్చి వెళ్లేది. ఇప్పుడది స్మిత్‌సోనియన్‌లో ఉంది. ఏ గడిలో ఏముందో ఆమె మాటగా ఇవాళ మనకు తెలుస్తోందంటే ఆ టీచర్ రాసుకున్న కాగితం వల్లే.

మా మ్యూజియానికి ఒక నల్లజాతి ఆవిడ అమ్మమ్మ బొంత తెచ్చారు, "ఇది దారి చూపిన బొంత" అంటూ. పరిచి చూశాను. లేత గులాబీ, లేత ఆకుపచ్చ, చిన్నచిన్న పూలు. ఒక ముక్క అంచున వరసగా సూది చిల్లులు, బస్తా కుట్టు విప్పిన గుర్తు. 1930ల్లో పిండీ, దాణా ఇలాంటి పూల గుడ్డ సంచుల్లో వచ్చేవి. ఖాళీ అయ్యాక ఆడవాళ్లు కుట్లు విప్పి, ఉతికి వాడుకునేవారు. ఇది బానిసత్వం పోయిన 70 ఏళ్ల తర్వాతి బొంత.

ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతూనే చెప్పాను. ఆవిడ ఆ చిల్లుల మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "మా అమ్మమ్మ కోళ్లు పెంచేది" అన్నారు. కుర్చీ లాగి కూర్చోబెట్టి ఫారం తీశాను. అమ్మమ్మ పేరు, ఊరు, ఎన్ని కోళ్లు, ఏ కొట్లో దాణా కొనేవారు, ఒకే పూల సంచులు రెండు కావాలని ఆ కొట్టువాడితో ఎలా పోట్లాడేదో. రెండు పేజీలు నిండాయి. ఆ పేజీలు బొంత నంబరు మీదున్న ఫైల్లోనే ఉన్నాయి.