స్టాంపు పేపరు మీద విడాకులు అవుతాయా?

ఫ్యామిలీ కోర్టు వకీలుగా నాకు తరచూ కనిపించే కాగితం ఒకటుంది. వంద రూపాయల స్టాంపు పేపరు, భార్యాభర్తల సంతకాలు, పెద్దమనుషుల సాక్షి సంతకాలు, నోటరీ ముద్ర. "మాకు విడాకులు అయిపోయాయండీ" అంటారు.

అపోహ: పెద్దల ముందు రాసుకుంటే విడాకులు అయినట్టే.

వాస్తవం: కావు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులకు కోర్టు డిక్రీ, అంటే విడాకులు మంజూరు చేస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, కావాలి. కులాచారం ప్రకారం తీసుకునే విడాకులను సెక్షన్ 29(2) కాపాడుతుంది, నిజమే. కానీ అలాంటి ఆచారం తమలో ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి, అది చాలా కష్టం. ఈ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు కూడా. రెండో భార్యగా వచ్చిన అమ్మాయికి చాలాసార్లు ఈ సంగతే తెలియదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

అలాగని కాగితం పారేయకండి. ఏడాదిగా విడిగా ఉంటున్నట్లయితే అవే షరతులతో సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయొచ్చు.

అపోహ: మ్యూచువల్‌కు, అంటే ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకు, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాల్సిందే.

వాస్తవం: విడిపోయి ఏడాదిన్నర దాటి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణం, పిల్లల విషయం తేలిపోయి ఉంటే కోర్టు ఆ గడువును మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో మాట. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బంతా మొదటిరోజే చేతులు మారకుండా, కొంత కోర్టులో చివరి వాంగ్మూలం ఇచ్చే రోజున డీడీగా ఇచ్చేలా రాయిస్తాను.

అపోహ: "ఇక ఏమీ అడగను" అని రాసిస్తే భరణం హక్కు పోతుంది.

వాస్తవం: కొంత మొత్తం తీసుకుని అలా రాజీపడిన భార్య కూడా హిందూ దత్తత, భరణ చట్టం కింద దావా వేయొచ్చని 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక పిల్లల భరణం పిల్లల హక్కు. తల్లి వద్దని సంతకం పెట్టినా అది పోదు.

అపోహ: ఫ్లాటు లోను ఆయనే కడతాడని రాసుకున్నాం, నాకు సంబంధం లేదు.

వాస్తవం: ఆ ఒప్పందానికి బ్యాంకు కట్టుబడదు. లోనులో మీ పేరున్నంతకాలం ఈఎంఐ ఆగితే మిమ్మల్నీ అడుగుతుంది. సంతకానికి ముందే బ్యాంకుకు వెళ్లి, మీ పేరు తీయడానికి ఒప్పుకుంటుందో లేదో కాగితం మీద రాయించుకోండి.