పత్తి నూనె ప్యాకెట్ మీద ఏం రాయాలి?

మన దేశంలో జన్యుమార్పిడి (జీఎం) ఆహార పంటలు లేవు అనే మాట తరచూ వింటుంటాం. కాగితం మీద అది నిజమే. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆపేశారు. అంతకుముందు ఆయన హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో బహిరంగ విచారణలు పెడితే రైతులు, శాస్త్రవేత్తలు, ఉద్యమకారులు హోరాహోరీగా వాదించుకున్నారు. జీఎం ఆవాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ గొడవంతా ఒకపక్క నడుస్తుండగానే ఒక జీఎం పంట చడీచప్పుడు లేకుండా వంటింట్లోకి వచ్చేసింది. అది పత్తి.

2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు చర్చంతా దూది గురించి, పురుగు గురించే. కానీ క్వింటా పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే దూది మూడో వంతుకు అటూఇటూగా వస్తుంది. మిగిలింది దాదాపు అంతా గింజే. ఆ గింజను ఎవరూ పారేయరు. నూనె మిల్లుకు పోతుంది. తీసిన నూనె గుజరాత్‌లో చాలా ఇళ్లలో వంటనూనె, అక్కడి ఫర్సాన్ (కారపు చిరుతిళ్ల) దుకాణాల్లో వేపుడు నూనె, వనస్పతిలో ఒక భాగం. మిగిలిన చెక్క పాడి పశువుల దాణా. దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీయే కాబట్టి ఈ నూనె ఏ గింజ నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

అలాగని కంగారు పడాల్సిన పనీ లేదు. బాసిల్లస్ థురింజియెన్సిస్ (బీటీ అంటే ఇదే) అనే మట్టి బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. దాంతో మొక్కలో క్రై అనే ప్రొటీన్ తయారవుతుంది. కాయతొలుచు పురుగు పేగులో క్షార గుణం ఎక్కువ. అక్కడ ఈ ప్రొటీన్ కరిగి, పేగు గోడ మీదున్న గ్రాహకాలకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. ఆ గ్రాహకాలూ మనకు లేవు. పైగా నూనెలో ఆ ప్రొటీన్ మిగిలేదే అనుమానం. రిఫైనరీలో ముడి పత్తి నూనెను క్షారంతో కడుగుతారు, బంకమట్టితో రంగు తీస్తారు, 200 డిగ్రీలకు పైన ఆవిరి పట్టించి వాసన పోగొడతారు. చివరికి మిగిలేది కొవ్వే. అందులో జన్యువు ఆనవాలు పీసీఆర్ పరీక్షకు కూడా దొరకడం కష్టం.

ఇక్కడో తమాషా ఉంది. పత్తి గింజలో నిజంగా విషం ఉంది. పేరు గాసిపాల్. దాన్ని ఏ ల్యాబులోనూ పెట్టలేదు, ప్రకృతే పెట్టింది. రిఫైనింగ్‌లో దాన్ని తీసేస్తే తప్ప ఆ నూనె తినడానికి పనికిరాదు. గింజలో గాసిపాల్ బాగా తగ్గిపోయేలా అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో కీర్తి రాథోర్ బృందం తయారుచేసిన పత్తి కూడా జన్యుమార్పిడిదే.

మరి ప్యాకెట్ మీద జీఎం అని రాయాలా, వద్దా? అమెరికాలో 2022 నుంచి తప్పనిసరైన నిబంధనలో, శుద్ధి చేసిన నూనెలో మార్చిన జన్యువు పరీక్షకు దొరక్కపోతే చెప్పక్కర్లేదని రాశారు. ఐరోపా సమాఖ్య దీనికి పూర్తి విరుద్ధం. నూనెలో ఏమీ దొరక్కపోయినా జీఎం గింజ నుంచి వచ్చిందంటే చెప్పి తీరాలి. పరీక్షతో తేలనిది కాబట్టి అక్కడ పొలం నుంచి సీసా దాకా కాగితాలు నడవాలి. ఒకరు నూనెలో ఏముందని చూస్తున్నారు, ఇంకొకరు అది ఎలా పుట్టిందని చూస్తున్నారు.

ప్రమాదం లేనప్పుడు లేబుల్ ఎందుకు, జనాన్ని ఊరికే భయపెట్టడమే కదా అని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. నాకు ఈ వాదన నచ్చదు. మన బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క దేనికి? మాంసం విషమనా? కాదు. ఏది తినాలో తినేవాడి ఇష్టం, అందుకని చెప్పడం అమ్మేవాడి బాధ్యత అని. ఆ చుక్క వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మాంసం అమ్మకాలు కుప్పకూలలేదు. భయం సంగతికొస్తే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 2016లో కొద్దికాలం లేబుల్ తప్పనిసరి చేశారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, లేబుల్ వచ్చాక అక్కడ జీఎం ఆహారం మీద వ్యతిరేకత 19 శాతం తగ్గింది. దాచిపెట్టినదాని మీదే అనుమానం ఎక్కువ.

అయితే లేబుల్ కావాలనేవాళ్లు కూడా ఒక చిక్కుముడి విప్పాలి. ట్రాంబేలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇచ్చిన టీఏజీ-24 వేరుశనగ, రేడియేషన్‌తో జన్యువులు మారిన మొక్కల (మ్యుటెంట్ల) సంతతి. ఆ నూనె మీద రేడియేషన్ మాట రాయమని ఎవరూ అడగరు. 2025 మేలో రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన 'కమల' బియ్యం మన సాంబ మసూరిలోనే ఒక జన్యువును సరిదిద్ది చేసింది. బయటి జన్యువు ఏదీ అందులో లేదు. 2022 నుంచి ఈ తరహా పంటలకు జీఎం నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. ఎలా పుట్టిందో చెప్పాలంటే వీటి గురించీ చెప్పాలి కదా. అందుకే ఉత్త 'జీఎం' అనే రెండక్షరాలు నాకు చాలవనిపిస్తుంది. 'కాయతొలుచు పురుగును తట్టుకునేలా మార్చిన పత్తి గింజల నుంచి తీసినది' అని ఒక్క వాక్యం వెనకవైపు, పోషకాల పట్టిక పక్కన రాస్తే విషయమూ తెలుస్తుంది, హడలగొట్టినట్టూ ఉండదు.

మన దగ్గర నియమం లేక కాదు. ప్యాకెట్ ముందువైపు పైన జీఎం అని రాయాలని తూనికలు, కొలతల నిబంధన 2013 జనవరి 1నే అమల్లోకి వచ్చింది. జీఎం పదార్థం ఒక శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే చెప్పాలంటూ 2021 నవంబరులో ఆహార భద్రతా సంస్థ ముసాయిదా పెట్టింది. 2024 జులైలో జీఎం ఆవాల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ ఆవాల విడుదలపై చెరో తీర్పు ఇచ్చారు. దిగుమతయ్యే జీఎం ఆహారానికి, ముఖ్యంగా వంటనూనెలకు, లేబుల్ చట్టం పాటించాల్సిందేనన్న చోట మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

కానీ అది దిగుమతుల మాట. మన మిల్లులోనే ఆడించి విడిగా లీటర్ల లెక్కన అమ్మే పత్తి నూనె మీద ఆ లేబుల్ ఉండదు. పత్తి చెక్క తిన్న గేదె పాలకూ, 2021లో కోళ్ల దాణా కోసం కేంద్రం అనుమతించిన 12 లక్షల టన్నుల జీఎం సోయా పిండి తిన్న కోడి గుడ్డుకూ అంతే. ఇంత కఠినంగా ఉండే ఐరోపా కూడా దాణా దగ్గరికొచ్చేసరికి పాలు, గుడ్లు, మాంసాన్ని వదిలేసింది. దాణాలోని జన్యువు పాలలోకో గుడ్డులోకో చేరి వాటిని మార్చేయదు కాబట్టి నేనూ అక్కడ పట్టుబట్టను. విడి నూనె దగ్గర మాత్రం పట్టుబడతాను. ప్యాకెట్ కొనేవాడికున్న హక్కు పావులీటరు సీసా తెచ్చి పోయించుకునేవాడికీ ఉంది. దుకాణంలో నూనె డబ్బా పక్కన ఒక బోర్డు పెట్టించడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదేమో.