పైపు వేస్తే అయిపోయినట్టేనా?

నోటితో తినలేనివాళ్లకు ఆహారాన్ని నేరుగా కడుపులోకి పంపే పైపు, అంటే ఫీడింగ్ ట్యూబ్, పేరెత్తగానే విశాఖలోనైనా, చుట్టుపక్కల ఊళ్లలోనైనా ఇంటివాళ్లు ముందు అడిగేది ఇదే: "పైపు వేశారంటే ఇక ఆశ లేనట్టేనా?" అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదేనని నా నమ్మకం. ఈ భయంతో రోజులు వాయిదా వేస్తారు. ఈలోగా మనిషి చిక్కిపోయి, చికిత్సను తట్టుకునే ఓపిక కూడా లేకుండా పోతుంది.

చాలామందికి ట్యూబ్ అవసరం కొంతకాలమే. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లకు అడ్డపొగ, అంటే చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం, పాత అలవాటు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ రావచ్చు. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు నోరంతా పుండ్లు పడి గుటక వెయ్యడమే నరకమవుతుంది. ఆ వారాల్లో బరువు పడిపోకుండా కాపాడేది ట్యూబే. పుండ్లు మాని, సరిపడా తినగలిగితే తీసేస్తారు. పక్షవాతం వచ్చినవాళ్లలోనూ చాలామందికి మింగే శక్తి కొన్ని వారాల్లో తిరిగొస్తుంది.

ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ కొద్ది వారాలకు సరిపోతుంది. 4 నుంచి 6 వారాలు దాటేలా ఉంటే పొట్ట మీద నుంచి వేసే పెగ్ ట్యూబ్ మేలు. "పొట్ట కోసేస్తారా?" అని హడలిపోతారు గానీ, ఎండోస్కోపీ సాయంతో చిన్న గాటు పెట్టి మామూలుగా అరగంటలో వేసేస్తారు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే డాక్టర్లు దీన్ని మొదటిసారి చేసింది నెలల పసిబిడ్డకు. గాయం మానాక స్నానం చెయ్యొచ్చు, బీచ్ రోడ్డులో నడవొచ్చు. మన ఉక్కపోతకు చర్మం ఒరిసిపోతుంది కాబట్టి ట్యూబ్ చుట్టూ రోజూ కడిగి పొడిగా ఉంచాలి.

చూడ్డానికొచ్చిన చుట్టాల ప్రేమతోనే ఇంకో ప్రమాదం. "నాలుగు చుక్కల కాఫీ అయినా నోట్లో పొయ్యమ్మా" అంటారు. మింగడం దెబ్బతిన్నవాళ్లకు ఆ నాలుగు చుక్కలూ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొలమారితే తెలుస్తుంది కదా అనుకుంటాం. పక్షవాతం తర్వాత కొందరికి దగ్గు కూడా రాదు. అలాగని ట్యూబ్ ఉంటే నోటికి తాళం వేసినట్టు కాదు. మాటతో పాటు మింగడాన్నీ చూసే స్పీచ్ థెరపిస్టు పరీక్షించి సరేనంటే తినొచ్చు, తినడమే మంచిది కూడా. పని లేకపోతే మింగే కండరాలు బలహీనపడతాయి.

ట్యూబ్ ఉంది కనుక న్యుమోనియా రాదనుకోవడమూ తప్పే. లాలాజలమో, కడుపులోంచి పైకి ఎగదన్నిన ఆహారమో ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. అందుకే తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పొయ్యాలి, పోశాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. నోటితో తినకపోయినా రోజూ పళ్లూ నాలుకా శుభ్రం చెయ్యాలి.

ఏం పొయ్యాలన్న దగ్గర ఇళ్లలో చాలా పొరపాట్లు జరుగుతాయి. పలచటి రాగి జావ, బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లతో కడుపు నిండుతుంది గానీ ఒంటికి చాలినంత ప్రొటీన్, శక్తి అందవు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉంటే ప్రమాదం. పాలు, పప్పు, గుడ్డు, నూనె ఎంతెంత అన్నది డైటీషియన్‌నే అడగాలి. ఇంట్లో కలిపింది బయట 2 గంటలు దాటితే పారబోయాలి. పోసే ముందూ తర్వాతా నీళ్లు ఎక్కించకపోతే ట్యూబ్ మూసుకుపోతుంది. మెల్లగా కరిగేలా తయారైన మాత్రల్ని ట్యూబ్‌లో వెయ్యడానికి నూరకూడదు.

ట్యూబ్ అందరికీ మేలు చేస్తుందనీ అనుకోవద్దు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) బాగా ముదిరిన పెద్దవాళ్లలో అది ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారాలు లేవు. వాళ్లకు ఓపిగ్గా, కొద్దికొద్దిగా చేత్తో తినిపించడమే మంచిదని వృద్ధుల వైద్య నిపుణులు చెబుతారు.

పెగ్ ట్యూబ్ ఊడిపోతే రేపు చూద్దాంలే అనుకోకండి. రంధ్రం కొన్ని గంటల్లోనే పూడిపోవచ్చు. వేసిన మొదటి వారాల్లోనైతే ఇంట్లో దాన్ని తిరిగి దూర్చే ప్రయత్నమే చెయ్యకూడదు, రంధ్రం మీద శుభ్రమైన గుడ్డ వేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.