మూడు కప్పులు, నలుగురు మనుషులు: చైనా టీ గురించి అపోహలు - వాస్తవాలు

ఆదివారం పొద్దున మా ఇంట్లో నలుగురం కూర్చుని చైనా పద్ధతిలో టీ తాగుతాం. కింది ఫ్లాట్ ఆంటీ మొదటిసారి వచ్చినప్పుడు కప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటండీ, గుళ్లో తీర్థమే నయం, ఇంతకన్నా ఎక్కువ పోస్తారు" అన్నారు. నిజమే. ఆ కప్పులో పట్టేది మూడు గుక్కలే.

ఈ విద్య నేను ఏ ఆశ్రమంలోనూ నేర్చుకోలేదు. వాష్‌బేసిన్ల ఫ్యాక్టరీల్లో నేర్చుకున్నాను. చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం తూర్పు కొసన చావోజౌ అనే ఊరుంది, పింగాణీకి పేరున్న ఊరు. నాలుగేళ్లపాటు అక్కడ సరుకు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా ముందు టీ పళ్లెం ముందు కూర్చోవాల్సిందే, బేసిన్లు ఆ తర్వాతే. "చ్యా తే" అనేవాళ్లు, టీ తాగమని. వాళ్ల భాషలో టీని 'తే' అంటారు. మన తేయాకులోని 'తే'కి మూలం కూడా ఆ దక్షిణ తీరపు మాటే, ఓడలెక్కి ఊళ్లు తిరిగి మన దాకా వచ్చింది. చైనాలో మిగతా చోట్ల 'చా' అంటారు. అది నేల దారిన పర్షియన్ మీదుగా వచ్చి మనకు చాయ్ అయింది. తేనీరులో తేనె ఉందనుకునేవాళ్లు నాకు ఇంకా తగులుతూనే ఉంటారు. పాపం, అందులో ఉన్నది తే, నీరు, అంతే.

ఇక నన్ను తరచూ అడిగేవాటిలోకి వస్తాను.

అపోహ: ఇది వేల ఏళ్ల నాటి బౌద్ధ ధ్యానం. మాట్లాడకుండా చేయాలి.

టీ పాతదే. ఈ పద్ధతి మాత్రం అంత పాతది కాదు. 8వ శతాబ్దంలో టీ మీద మొదటి గ్రంథం రాసిన లూ యూ కాలంలో టీ ఆకును దంచి, మరిగించి, చిటికెడు ఉప్పు వేసేవారు. సోంగ్ వంశం నాటికి పొడిని గిన్నెలో వేసి నురగ వచ్చేలా గిలక్కొట్టడం వచ్చింది. 1391లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ, టీని అచ్చులుగా కట్టి కప్పంగా పంపొద్దని, విడి ఆకే పంపమని ఉత్తర్వు ఇచ్చాడు. ఆకును వేడినీళ్లలో నానబెట్టి తాగడం ఆ తర్వాతే ఊపందుకుంది. చిన్న కుండ, చిన్న కప్పులతో చేసే గొంగ్‌ఫూ చా అయితే చింగ్ వంశం కాలంలో (17వ శతాబ్దం తర్వాత) పక్క రాష్ట్రం ఫూజియన్‌లో, చావోజౌ ప్రాంతంలో స్థిరపడింది. గొంగ్‌ఫూ అంటే కష్టపడి, సమయం పెట్టి సాధించిన పనితనం. మన సినిమాల కుంగ్‌ఫూ కూడా ఈ మాటే.

బౌద్ధంతో బంధం లేదనను. చైనాలో 'చాన్' అనే బౌద్ధ శాఖ పేరు మన 'ధ్యాన' శబ్దమే అరిగి అరిగి అయిన రూపం. తాంగ్ వంశం కాలపు చాన్ గురువు జావోజౌ కథ టీ తాగేవాళ్లందరికీ తెలుసు. (పేరు దగ్గరగా ఉంది కానీ మా చావోజౌకీ ఆయనకీ సంబంధం లేదు. ఆయనది ఉత్తరాన హెబెయ్.) కొత్తగా వచ్చిన ఒకణ్ణి, "ఇక్కడికి ఇదివరకు వచ్చావా?" అని అడిగాడట. వచ్చానన్నాడు. "పో, టీ తాగు." ఇంకొకడు రాలేదన్నాడు. "పో, టీ తాగు." ఇద్దరికీ ఒకే మాటేమిటని మఠం పెద్ద అడిగితే, ఆయనకూ అదే జవాబు.

మౌనం సంగతి వేరు. చావోజౌలో టీ దగ్గర మౌనంగా ఉన్నవాణ్ణి నేను చూడలేదు. ఒక ఫ్యాక్టరీ ఓనరు గ్లేజు మీద వెంట్రుకంత పగుళ్ల గురించి నాతో గట్టిగా వాదిస్తూనే టీ పోసేవాడు. అయితే కుండ వంచే ముందు వాక్యం సగంలో ఆగేవాడు. రెండే రెండు సెకన్లు. కళ్లు ధార మీద. మూడు కప్పులూ ఆనించి పెట్టి, వాటి మీదుగా కుండను గుండ్రంగా తిప్పుతూ పోసేవాడు. దీన్ని 'గ్వాన్ గోంగ్ కోట చుట్టూ గస్తీ' అంటారు. గ్వాన్ గోంగ్ ఎర్రటి ముఖం ఉన్న యోధుడు, కుండ కూడా ఎర్రమట్టిదే. చివరి చిక్కటి చుక్కలను ఒక్కో కప్పులో ఒక్కొక్కటిగా రాల్చడం 'హాన్ షిన్ సేనను లెక్కించడం'. హాన్ షిన్ పాతకాలపు సేనాపతి. అది అయ్యాక, ఆపిన చోటి నుంచే మళ్లీ వాదన మొదలు. నా పగుళ్లు మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

నేను నేర్చుకున్నదంతా ఆ రెండు సెకన్లలో ఉంది. మిగతాదంతా అలంకారం.

అపోహ: టీ మొక్క బోధిధర్ముడి కనురెప్పల నుంచి పుట్టింది.

దక్షిణ భారతం నుంచి చైనాకు వెళ్లిన బౌద్ధ భిక్షువంటారు కాబట్టి మనకు ముద్దే. నిద్ర వస్తోందని రెప్పలు కోసి పడేస్తే అవి టీ మొక్కలై మొలిచాయని కథ. కానీ ఆయన 5, 6 శతాబ్దాల వాడు. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ చక్రవర్తి జింగ్ సమాధి ప్రాంగణంలోనే టీ ఆకు దొరికింది.

అపోహ: మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న దాని మీదే ధ్యాస ఉంచడం) అంటే ఆలోచనలు ఆగిపోవాలి.

నా దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల్లో చాలామంది ఈ బరువు మోసుకునే వస్తారు. "నాకు కుదరడం లేదన్నా, తల ఖాళీ అవ్వట్లేదు" అంటారు. తల ఖాళీ అవ్వాలని ఎవరన్నారు? 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ తరగతుల్లో ఒక్క ఎండుద్రాక్ష చేతికిచ్చి చూడమంటారు, వాసన చూడమంటారు, నమలమంటారు. మనసు పక్కకు పోతే, పోయిందని తెలుసుకుని వెనక్కి తేవడమే అక్కడ అభ్యాసం.

ఎండుద్రాక్ష కన్నా టీ మేలంటాను, ఎందుకంటే టీ ఊరుకోదు. వంద మిల్లీలీటర్ల గిన్నెలో ఏడు గ్రాముల ఆకు వేస్తాం. మనం మామూలుగా వాడే టీ బ్యాగులో ఉండేది రెండు గ్రాములే. ఇంత ఆకు మీద మరిగే నీళ్లు పోస్తే మొదటి కప్పుకు పది సెకన్లు చాలు, రెండు ఊపిరులు. ఆ రెండు ఊపిరుల్లో మనసు ఆఫీసు మెసేజీ దగ్గరికి వెళ్లొస్తే ముప్పై సెకన్లు అయిపోతాయి, నాలుక పీక్కుపోయేంత వగరు. ఎవరూ ఏమీ అననక్కర్లేదు. ఆ వగరు కప్పును పారబొయ్యనివ్వను, అది కూడా తాగాలి. తర్వాతి సారి నీళ్లు పోసి మళ్లీ రెండు ఊపిరులు. ఒకే ఆకుతో ఎనిమిది, పదిసార్లు ఇలా తిరిగి రావచ్చు. ఫోనులో టైమర్ మాత్రం వద్దు. అది పెట్టుకుంటే గమనించే పని ఫోనుదవుతుంది, మీది కాదు.

అపోహ: ఖరీదైన సామాను, గురువు, చెక్క బల్ల ఉండాలి.

మూత, గిన్నె, సాసరు ఉన్న గైవాన్ అనే తెల్ల పింగాణీ గిన్నె ఒకటి చాలు. యీషింగ్ ఎర్రమట్టి కుండలు అందంగా ఉంటాయి, నకిలీలు అంతకన్నా ఎక్కువగా ఉంటాయి. కొత్తవాళ్లు వాటి జోలికి పోకండి. గైవాన్ పట్టుకోవడం మొదటి వారం చేతులు కాలుస్తుంది. బొటనవేలు, మధ్యవేలు అంచు మీద, చూపుడువేలు మూత బొడిపె మీద. అంచు బయటికి విచ్చుకునే చోటికి కిందే నీళ్లు ఆపాలి. అక్కడి దాకా నింపితే వేళ్లకు వేడి కొడుతుంది. మూతను కాస్త పక్కకు జరిపితే ఆకు లోపలే ఉండి నీళ్లు మాత్రం జారతాయి. పోసేశాక ఆ మూత వెనక వాసన చూడండి. ఫీనిక్స్ కొండల డాన్‌చోంగ్ టీలో 'మీ లాన్ షియాంగ్' రకమైతే తేనె, పువ్వు కలిసిన వాసన వస్తుంది. పక్కనే 'బాతు రెట్ట వాసన' అనే పేరున్న ఇంకో రకం ఉంది. పేరు విని భయపడకండి, పరిమళంలో దేనికీ తీసిపోదు. మొక్క దొంగలపాలు కాకుండా రైతే ఆ పేరు పెట్టాడని అక్కడ నవ్వుతూ చెబుతారు. ఇక్కడ చైనా ఆకు దొరక్కపోతే డార్జిలింగ్, నీలగిరి ఊలాంగులతో (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం) మొదలుపెట్టండి.

అపోహ: మొదటి నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుంది.

పోదు. ఐదారు సెకన్లలో దిగేది కొద్దిగానే. మొదటి నీళ్లతో అలా కడగడం ఆకు విచ్చుకోవడానికి, గిన్నె వేడెక్కడానికి. కెఫీన్ ఉంటుంది కాబట్టే సాయంత్రం ఆరు దాటాక నేను పొయ్యి వెలిగించను.

ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు. కొవ్వు కరిగించే టీ అని నేను దేన్నీ చెప్పను. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతో పాటు తాగకండి, తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు బహుశా అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీస్తాయని 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం హెచ్చరించింది. చిన్న కప్పు త్వరగా చల్లారుతుంది కానీ ఆ కాస్త ఆగాలి.

అపోహ: మనిషికో కప్పు ఉండాలి.

చావోజౌలో "టీకి ముగ్గురు, మద్యానికి నలుగురు" అంటారు. నలుగురు కూర్చున్నా, ఆరుగురు కూర్చున్నా పళ్లెంలో కప్పులు మూడే. ఒక విడత తాగాక కప్పులను మరిగే నీళ్లలో దొర్లించి కడిగి మళ్లీ పోస్తారు. ముందు నువ్వంటే నువ్వని తోసుకోవడం ఉంటుంది, పెద్దలకు, అతిథులకు ముందు. కప్పు రానివాడు మూత వాసన చూస్తూ కూర్చుంటాడు. నాకైతే ఆ విడతే అన్నిటికన్నా బాగుంటుంది. తాగే తొందర లేదు, పోసే బాధ్యత లేదు.

మా ఇంట్లోనూ మూడే. మొదటి ఆదివారం ఆంటీకి రెండో విడతలో కప్పు రాలేదు. మూత చేతికిచ్చాను. చాలాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని, "సంపెంగలా ఉంది... కాదు, బెల్లం పాకంలా ఉంది" అన్నారు. మూడో ఆదివారం కాగితంలో చుట్టిన ఒక చిన్న పింగాణీ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీ సెట్టులో ఒకటి పగిలిపోయినట్టుంది కదండీ. మొన్న సంతలో కనబడితే తెచ్చాను."

అల్మరాలో పెట్టాను. ఆవిడ వచ్చినప్పుడల్లా అటువైపు ఒకసారి చూస్తారు.